బ్యాంకులో పాత నోట్లు దొరుకుతాయా అని అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు అడిగినవి మూడు. శ్రీకాకుళంలో ఏ బ్యాంకుకి వెళ్తే కలెక్షన్‌కి పనికొచ్చే పాత నోట్లు దొరుకుతాయి, క్యాషియర్‌ని ఎలా అడగాలి, మీ నాయనమ్మ పెట్లో దొరికిన ట్రాక్టర్ బొమ్మ ఐదు రూపాయల నోటుకి లక్షలు ఇస్తారని వీడియోలో చూశావు అది నిజమేనా అని. చివరిదానికి ముందు చెప్పేస్తాను, అబద్ధం. ట్రాక్టర్ నోటు అశోక స్తంభం ఉన్నదైనా గాంధీ గారి బొమ్మ ఉన్నదైనా కోట్లలో అచ్చయింది, ఏళ్ళ తరబడి తిరిగింది, ఇంకా చాలా ఇళ్ళల్లో ఉంది, దానికి లక్షలు ఎవడిస్తాడు. నాయనమ్మ గుర్తుగా దాచుకో, అంతే. మిగతా రెండిటికీ కొంచెం పెద్ద సమాధానం చెప్పాలి, నేను క్యాష్ కౌంటర్లో కూర్చునే రిటైర్ అయినవాణ్ణి, నోట్లు పోగెయ్యడం కూడా ఆ సీట్లోనే అలవాటైంది.

అసలు చాలామంది ఏటనుకుంటారంటే బ్యాంకు లోపల ఎక్కడో స్ట్రాంగ్ రూములో పాత నోట్ల కట్టలు దుమ్ము పట్టి పడుంటాయి, మనం వెళ్ళి మంచిగా అడిగితే తీసి ఇస్తారు అని. అలా ఉండదు. పాత నోటు బ్యాంకు లోపలికి వచ్చిందంటే ఇంక జనంలోకి తిరిగి రాదు అని లెక్క. 1999 నుంచీ రిజర్వ్ బ్యాంక్ క్లీన్ నోట్ పాలసీ అని పెట్టింది, అంటే కౌంటర్లోకి వచ్చిన నోట్లని రెండు రకాలుగా విడదియ్యాలి, మళ్ళీ ఇవ్వడానికి పనికొచ్చేవి ఒక పక్క, నలిగినవీ చిరిగినవీ మరకలు పడ్డవీ ఇంకో పక్క, వాటినే మేము సాయిల్డ్ అంటాం. సాయిల్డ్‌ని వందేసి కట్టి బ్యాండ్ వేసి, పది ప్యాకెట్లు కలిపి బండిల్ చేసి కరెన్సీ చెస్ట్‌కి, అంటే రిజర్వ్ బ్యాంక్ తరఫున నోట్లు దాచే పెద్ద బ్రాంచికి పంపాలి, అక్కడినుంచి అది మన రాష్ట్రానికైతే హైదరాబాద్ రిజర్వ్ బ్యాంక్ ఆఫీసుకి పోతుంది, అక్కడ మెషీన్‌లో లెక్కపెట్టి, దొంగనోటేమో చూసి, పనికిరాదంటే అప్పటికప్పుడే ముక్కలు చేసేస్తారు. మనం ఇంత మురిసిపోయే పాత నోటు చివరికి పొట్టు అయిపోతుందన్నమాట.

అందుకే నీకు దొరికే టైము చాలా చిన్నది. ఎవరో డిపాజిట్ చేసిన దగ్గర్నుంచి సాయంత్రం క్యాషియర్ సార్టింగ్ చేసి బ్యాండ్ వేసేవరకు, అంతే. బ్యాండ్ వేసి స్టాంపు సంతకం పడ్డాక ఆ ప్యాకెట్ విప్పమని అడగకు, ఎంత తెలిసినవాడైనా విప్పడు, విప్పకూడదు కూడా. నువ్వు పట్టుకోవాల్సింది ఆ కొన్ని గంటలే.

ఇంకో సంగతి, వందా ఆపైన నోట్లు మళ్ళీ జనానికి ఇవ్వాలంటే మెషీన్‌లో వేసి చూశాకే ఇవ్వాలని రూలు, కాబట్టి వందలు, ఐదొందల్లో మనకి కావాల్సిన పాత నోటు కౌంటర్ దాకా తిరిగి రావడం తక్కువ. పది, ఇరవై, యాభై నోట్లు మాత్రం చాలా బ్రాంచీల్లో ఇంకా చేత్తోనే చూస్తారు, హడావిడిలో చూస్తారు, పాతవి వాటిల్లోంచే జారి బయటికి వస్తాయి. బ్యాంకులో వెతకడం అంటే చిన్న నోట్లలో వెతకడమే అని రాసి పెట్టుకో.

మరి ఏ బ్రాంచికి వెళ్ళాలి అంటే, పేరు చూడకు, ఆ బ్రాంచిలో డబ్బు కట్టేవాళ్ళు ఎవరో చూడు. ఐటీ జీతాలు, కాంట్రాక్టర్ల అకౌంట్లు ఉండే బ్రాంచిలో కూర్చుని ఏం లాభం, అక్కడ ఐదొందల కట్టలు తప్ప ఏమీ కనిపించవు. ఆర్టీసీ డిపో కలెక్షన్ కట్టే బ్రాంచి, సంత రోజు వ్యాపారులు కట్టే బ్రాంచి, డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళు పొదుపు డబ్బులు తెచ్చే పల్లె బ్రాంచి, ఇవి బంగారం. నరసన్నపేట, టెక్కలి, పాలకొండ, రాజాం వైపు చిన్న బ్రాంచీల్లో ఇప్పటికీ రవిక ముడిలోంచి తీసి ఇచ్చే నోట్లు వస్తాయి. పలాస కాశీబుగ్గ వైపు జీడిపప్పు వ్యాపారం చాలావరకు నోట్లతోనే నడిచేది, ఇప్పుడు ఫోన్‌పేలు వచ్చి అక్కడా తగ్గింది అంటున్నారు. అసలు ఫోన్‌పే వచ్చాక చిన్న నోటు తిరగడమే తగ్గిపోయింది, టీ కొట్టువాడు కూడా స్కానర్ పెట్టాడు, ఇదొక రకంగా మనకి దెబ్బ, ఇంకోరకంగా మంచిది, తిరగని నోటు నలగదు కదా.

అన్నిటికన్నా పెద్ద మూట ఏదంటే హుండీ డబ్బు. అరసవల్లి హుండీ లెక్కింపు అయ్యాక, రథసప్తమి తరవాత అయితే మరీనూ, అలాగే విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను అయ్యాక, ఆ డబ్బు బ్యాంకుకి చేరుతుంది. మొక్కు ముడుపు కట్టి ఏళ్ళ తరబడి దేవుడి గూట్లో పెట్టిన నోట్లు అందులో ఉంటాయి, రూపాయి నోట్లు, రెండు రూపాయల నోట్లు, పసుపు పూసి మడిచినవి, ఒక్కోసారి విదేశీ నోట్లు కూడా. లెక్కింపు దగ్గరికి వెళ్ళి ఒక్క నోటు మారుస్తానండీ అని మాత్రం అడగకు, అక్కడ దేవాదాయ శాఖ వాళ్ళుంటారు, కెమెరాలుంటాయి, లేనిపోని అనుమానాలు. ఆ డబ్బు బ్యాంకులో జమ అయిపోయాక, క్యాషియర్ చిల్లర చిల్లరగా ఇచ్చేటప్పుడు నీ వంతు అడుగు. హోల్‌సేల్ కిరాణా వాళ్ళు చిల్లర కోసం ఆ పదులూ ఇరవైలూ తీసుకెళ్తారు, వాళ్ళతో స్నేహం ఉంటే ఇంకా నయం, కొట్టు కట్టేశాక గల్లా పెట్టె ముందు కూర్చోనిస్తారు.

ఇప్పుడు అడగడం ఎలా. ఇక్కడే కుర్రాళ్ళందరూ చెడగొట్టుకుంటారు. నెల మొదటి వారంలో పెన్షన్ల క్యూ ఉన్నప్పుడు వెళ్ళి కౌంటర్ అద్దం దగ్గర నిలబడి సార్ పాత నోట్లు ఉన్నాయా అంటే ఎవడికి ఒళ్ళు మండదు చెప్పు. సోమవారం వద్దు, సెలవు మర్నాడు వద్దు, నెలాఖరు వద్దు. నెల మధ్యలో, మధ్యాహ్నం భోజనాలయ్యాక రద్దీ తగ్గాక వెళ్ళు. మేనేజర్ దగ్గరికి పోకు, ఆయన నిన్ను ఆపాదమస్తకం చూసి దరఖాస్తు పెట్టుకో అంటాడు. హెడ్ క్యాషియర్ని పట్టుకో. మొదటిరోజు పాత నోట్ల మాట ఎత్తనే వద్దు, నీ అకౌంట్ ఉన్న బ్రాంచికే వెళ్ళు, చిల్లర కావాలండీ అని ఐదొందలు ఇచ్చి పదులు తీసుకో. రెండు మూడు సార్లు మొహం తెలిశాక అప్పుడు చెప్పు, అన్నా నాకు ఈ పిచ్చి ఉంది, రూపాయి రెండు రూపాయల నోట్లు గానీ, నంబరుకి ముందు స్టార్ ఉన్నవి గానీ వస్తే పక్కన పెట్టు, అంతకంత నేను కొత్త నోట్లు ఇస్తాను అని. ఆయనకి కావాల్సింది ఒక్కటే, సాయంత్రం క్యాష్ టాలీ అవ్వాలి. విలువకి విలువ వెంటనే ఇచ్చేవాడంటే ఇష్టపడతాడు, రేపిస్తాను అనేవాణ్ణి మళ్ళీ దగ్గరికి రానివ్వడు. నోటు తీసుకున్నందుకు పైన డబ్బులు ఇవ్వబోకు, అది ఆయన ఉద్యోగానికి ముప్పు. సంక్రాంతికి అరిసెలు పట్టుకెళ్ళు, తప్పులేదు.

ఇచ్చిన కట్ట కౌంటర్ దగ్గరే పరిచి ఒక్కొక్కటీ తిరగేస్తూ కూర్చోకు. ఇంటికి తెచ్చుకో, తాపీగా చూసుకో, పనికిరానివి మర్నాడు ఖర్చుపెట్టుకో, చిల్లర అందరికీ కావాలి.

చూసేటప్పుడు ఏం చూడాలో చెప్తాను, నాకు ఇష్టమైన భాగం ఇదే. ముందు నోటు వెనక కింద మధ్యలో చూడు, సంవత్సరం ఉందా లేదా. 2005 నుంచి అచ్చయిన గాంధీ సిరీస్ నోట్ల మీదే సంవత్సరం ఉంటుంది. లేకపోతే అది అంతకు ముందుది. 2014 జనవరిలో రిజర్వ్ బ్యాంక్ ఈ 2005 ముందు నోట్లని వెనక్కి తీసుకుంటామని చెప్పింది, చెల్లకుండా పోలేదు గానీ బ్యాంకుకి వస్తే తిరిగి ఇవ్వరు, అందుకే సంవత్సరం లేని పదీ, ఇరవై, యాభై చేతికొస్తే, బాగున్నదైతే, పక్కన పెట్టెయ్. 1996 నుంచి వచ్చిన గాంధీ సిరీస్‌లో కూడా గవర్నర్ సంతకం మారితే వేరే నోటు కిందే లెక్క, రంగరాజన్, బిమల్ జలాన్, వై.వి. రెడ్డి, సుబ్బారావు ఇలా.

సంతకాల దగ్గర మన తెలుగువాళ్ళ సెట్ ఒకటి పెట్టుకో, ఖర్చు తక్కువ, సరదా ఎక్కువ. వై.వి. రెడ్డి అంటే వేణుగోపాలరెడ్డి గారు, గవర్నర్‌గా 2003 నుంచి 2008, సుబ్బారావు గారు 2008 నుంచి 2013. సుబ్బారావు గారు ఐఏఎస్‌లోకి వచ్చిన కొత్తలో మన పార్వతీపురంలో సబ్ కలెక్టర్‌గా చేశారు, అప్పటికి విజయనగరం జిల్లాయే లేదు, అది 1979లో వచ్చింది, పార్వతీపురం శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. మన ఫైళ్ళ మీద పడ్డ సంతకం తరవాత దేశం మొత్తం నోట్ల మీద పడిందని నేను బ్రాంచిలో అందరికీ చెప్పేవాణ్ణి, కొత్తగా చేరిన పిల్లలు నవ్వేవాళ్ళు. ఆయన సంతకంతో రూపాయి గుర్తు లేని నోట్లూ ఉన్నాయి, గుర్తు వచ్చాక అచ్చయినవీ ఉన్నాయి, రెండూ పెట్టుకోవాలి. మూడో ఆయన ఎం. నరసింహం గారు, బ్యాంకుల్లో పనిచేసిన మాకు బ్యాంకుల సంస్కరణల మీద వేసిన నరసింహం కమిటీ అంటే ఇప్పటికీ గుర్తే. ఆయన గవర్నర్‌గా ఉన్నది 1977లో మే నుంచి నవంబరు వరకే, కాబట్టి ఆయన సంతకం ఉన్న నోట్లు మిగతావాటికంటే తక్కువ, కౌంటర్లో దొరుకుతుందని ఆశ పెట్టుకోకు, ఎవరి ఇంట్లోనో బయటపడాలి. అంతకంటే పాతది, 1970లో నలభై చిల్లర రోజులు మాత్రమే గవర్నర్‌గా ఉన్న అదార్కర్ సంతకం, అది గనక కనిపిస్తే బేరం ఆడకుండా తీసుకో.

రూపాయి నోటు సంగతి వేరు. అది రిజర్వ్ బ్యాంక్ నోటు కాదు, భారత ప్రభుత్వానిది, దాని మీద గవర్నర్ సంతకం ఉండదు, ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది, సంవత్సరం కూడా వేస్తారు. 1994లో ఆపేశారు, మళ్ళీ 2015లో మొదలుపెట్టారు. మన్మోహన్ సింగ్ గారి సంతకం రూపాయి నోటు మీద ఒకరకంగా, ఆయన 1982 నుంచి 85 దాకా గవర్నర్‌గా ఉన్నప్పటి పెద్ద నోట్ల మీద ఇంకోరకంగా దొరుకుతుంది, రెండు హోదాలూ ఒకే మనిషివి, జత పెడితే ఆల్బంలో బావుంటుంది. ఆయన పోయిన దగ్గర్నుంచి అందరూ ఆ నోటే అడుగుతున్నారు, కానీ రూపాయి నోటు మామూలుదే, ఎక్కువ చెప్తే కొనకు.

1969లో గాంధీ గారి శతజయంతికి వేసిన నోట్లు, గాంధీ బొమ్మతో రూపాయి, రెండు, ఐదు, పది, వంద ఉన్నాయి, పాత పెట్టెలు తెరిచేటప్పుడు ఇవి వస్తాయి. యాభై నోటు 1975లో వచ్చింది, మొదట్లో వాటిల్లో పార్లమెంటు బిల్డింగ్ మీద జెండా ఉండదు, తరవాతవాటిలో ఉంటుంది, జెండా లేనిదే వెతుకుతారు. రెండు రూపాయలలో పులి బొమ్మ ఒకటి, ఆర్యభట్ట ఉపగ్రహం ఒకటి, ఇవి ఇప్పటికీ చాలా ఉన్నాయి, పిల్లలకి చూపించడానికి బాగుంటాయి.

ఇక స్టార్ నోట్లు. నువ్వు బ్యాంకుకి వెళ్ళేది నిజంగా దొరికేదాని కోసమైతే దీనికోసం వెళ్ళు. అచ్చులో ఏదైనా నోటు చెడిపోతే దాని బదులు పెట్టేదానికి ప్రిఫిక్స్‌కీ, అంటే నంబరు ముందుండే అంకె అక్షరాలకీ, నంబరుకీ మధ్య నక్షత్రం గుర్తు వేస్తారు. 2006లో పది, ఇరవై, యాభైల్లో మొదలైంది, వందకి 2009లో, కొత్త ఐదొందలకి 2016లో వచ్చింది. కొత్త ప్యాకెట్‌లో స్టార్ నోటు ఉంటే పైన బ్యాండ్ మీదే రాసి ఉంటుంది, కాబట్టి క్యాషియర్‌ని ప్యాకెట్ విప్పకముందే ఆ బ్యాండ్ చూడమని చెప్పు. 2023లో ఎవరో వాట్సాప్‌లో స్టార్ ఉన్నది దొంగనోటు అని పుకారు లేపితే అది దొంగనోటు కాదు, చెల్లుతుంది అని రిజర్వ్ బ్యాంకే చెప్పాల్సి వచ్చింది, ఆ రోజుల్లో భయపడి జనం తెచ్చి ఇచ్చేవాళ్ళు, మనలాంటి వాళ్ళకి పండగే.

కొత్త గవర్నర్ వచ్చినప్పుడు ఆ సంతకంతో మొదటి ప్యాకెట్లు, 2025లో సంజయ్ మల్హోత్రా సంతకం నోట్లు వచ్చినట్టు, అవి కూడా కౌంటర్లోనే ముఖవిలువకే దొరుకుతాయి. పదేళ్ళాగితే పాతవే కదా. పెళ్ళిళ్ళ సీజన్లో మాత్రం కొత్త పదుల ప్యాకెట్ అడగకు, దండలు గుచ్చడానికీ, కవర్లలో పెట్టడానికీ జనం ఎగబడతారు, బయట బ్రోకర్లు పైన వేసి అమ్ముతారు, ఆ పైడబ్బు నువ్వు కట్టక్కర్లేదు.

నంబర్ల పిచ్చి గురించి రెండు మాటలు. 000001, 111111, 123456, ముందునుంచీ వెనకనుంచీ ఒకేలా చదివేవి, వీటికి కొనేవాళ్ళున్నారు. 786 మాత్రం లెక్కవేసుకో, ఆరంకెల నంబరులో ఎక్కడో ఒకచోట 786 వచ్చే నోట్లు ప్రతి పది లక్షల్లో వేలల్లో ఉంటాయి, చివర్లో 786 వచ్చేవే వెయ్యికి ఒకటి. అదేం అరుదు. లక్షలిస్తాం అని ఫోన్ చేసేవాడు ముందు రిజిస్ట్రేషన్‌కి, తరవాత జీఎస్టీకి, ఆ తరవాత రిజర్వ్ బ్యాంక్ పర్మిషన్‌కి అని నీ దగ్గరే గుంజుతాడు. రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే చెప్పింది, పాత నోట్ల కొనుగోళ్ళతో మాకు సంబంధం లేదు, మేము ఏ కమీషనూ తీసుకోం, మా పేరుతో అడిగితే నమ్మొద్దని. డబ్బు పోయిందంటే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. ఎర్రర్ నోట్లలో, అంటే అచ్చులో తప్పు పడ్డవాటిలో కూడా మోసం ఉంది, నంబరు ఒక పక్క కెమికల్‌తో చెరిపేసి నంబరు పడని నోటు అని అమ్ముతారు. గాంధీ సిరీస్ నంబర్ల ఇంకు యూవీ లైట్ కింద మెరుస్తుంది, తెలిసిన క్యాషియర్ ఉంటే ఆ లైటు కింద పెట్టించు, చెరిపిన చోటు తెలిసిపోతుంది.

చట్టం సంగతి తెలుసుకోకుండా పోగెయ్యకు. 2016 నవంబరు 8న రద్దు చేసిన ఐదొందలూ వెయ్యీ మామూలు మనిషి పదికి మించి ఉంచుకోకూడదు, కలెక్షన్‌కో చదువుకో అయితే 25 దాకా ఉండొచ్చు, అంతకు మించితే జరిమానా పదివేలు లేదా ఆ నోట్ల విలువకి ఐదు రెట్లు, ఏది ఎక్కువైతే అది, 2017లో చట్టం చేశారు. సంతకానికొకటి, ప్రెస్సుకొకటి అని పోగేస్తే 25 ఇట్టే దాటిపోతాయి, లెక్క పెట్టుకో. రెండు వేల నోటు వేరు, దాన్ని 2023 మేలో వెనక్కి తీసుకున్నారు గానీ చెల్లకుండా చెయ్యలేదు, ఒకటో రెండో ఉంచుకో, ఎక్కువుంటే రిజర్వ్ బ్యాంక్ 19 ఇష్యూ ఆఫీసుల్లో మార్చుకోవాలి, మనకి హైదరాబాద్ గానీ భువనేశ్వర్ గానీ, ఇచ్ఛాపురం వాళ్ళకి భువనేశ్వరే దగ్గర. వెళ్ళలేకపోతే పోస్టులో కూడా పంపొచ్చు.

నోటు ఎంత పాతదన్నదాని కన్నా ఎంత బాగున్నదన్నదే చూస్తారు కొనేవాళ్ళు. మడత లేనిది, అంచులు పదునుగా ఉన్నది. పాత కట్టలకి స్టాప్లర్ పిన్ను కొట్టేవాళ్ళం, 2001లో ఆపమన్నారు, కాబట్టి అంతకు ముందు నోటుకి వాటర్‌మార్క్ దగ్గర చిల్లులుంటే కంగారుపడకు, అది మామూలే, ధర కాస్త తగ్గుతుంది. నోటుని కడగకు, ఇస్త్రీ చెయ్యకు, లామినేషన్ అసలు వద్దు, సెలోటేపు వేస్తే దాని పని అయిపోయినట్టే. మన సముద్రం గాలికి కాగితం చెమ్మ పట్టేస్తుంది, బూజొస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానం ఊళ్ళు దెబ్బతిన్నాక తడిసిన కట్టలు చాలా వచ్చాయి, ఎండలో ఆరేసినవి పెళుసెక్కి విరిగిపోయాయి, నీడన ఒక్కొక్కటీ విడదీసి ఆరబెట్టినవి బతికాయి. చౌక ఆల్బంలో మెత్తటి పీవీసీ కవర్లు రెండు మూడేళ్ళకి జిడ్డెక్కి నోటుకి అంటుకుంటాయి, మైలార్‌వో పాలిప్రొపిలీన్‌వో తెప్పించుకో, కొంచెం ఖరీదు. గోద్రెజ్ బీరువా అయినా సరే కింద అరలో పెట్టకు, సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచు, వానాకాలం అయిపోగానే అవి మార్చెయ్.